మూడో విజిల్

గాజువాకలో గెదెల వరహాలమ్మ వంటగది ఫ్యాక్టరీ అయిపోవడంలో ఆవిడ తప్పేమీ లేదు. ఆవిడ చేసిందల్లా రోజూ తెల్లారకుండా లేచి, స్నానం చేసి, దేవుడి గూట్లో దీపం పెట్టి, గంట కొట్టి, గ్రైండరు వేసి, పప్పు కుక్కరెక్కించడమే. పెళ్ళయిన నాటి నుంచీ చేస్తున్నదే. దాన్ని పరిశ్రమ అని ఆవిడెప్పుడూ అనుకోలేదు. ఇంట్లోవాళ్ళయితే పని అని కూడా అనుకోలేదు.

ఆవిడకో అలవాటుంది. పప్పుకి మూడు విజిళ్ళు. మూడోది కూయగానే ఎక్కడున్నా, ఏం చేస్తున్నా లేచి వెళ్ళి పొయ్యి కట్టేస్తుంది. పూజలో ఉన్నా అంతే, కునుకు పట్టినా అంతే. పక్కింటి కుక్కరు మూడోసారి కూసినా చటుక్కున లేచి నిలబడేది.

"పక్కోళ్ళ పప్పు కూడా నువ్వే సూస్తావేటే?" అని మొగుడు సన్యాసినాయుడు నవ్వేవాడు. ఆయన పైపుల ఫ్యాక్టరీలో ఫోర్‌మన్.

వాళ్ళకి ఒక్కతే కూతురు, హైమావతి. ఇంజనీరింగు చదివి డ్రమ్ములు వాయిస్తోంది. తనలాంటివాళ్ళని మరో ముగ్గుర్ని పోగేసి 'తుప్పు' అని ఒక రాక్ బ్యాండు పెట్టింది. పేరు విన్నప్పుడు వరహాలమ్మ, "లక్ష్మీప్రదంగా ఏదైనా పెట్టుకోకూడదేటే" అంది కానీ, పిల్ల ముఖం చూసి ఊరుకుంది.

ఒకప్పుడు నెల్లాళ్ళపాటు హైమ పొద్దున్నే లేచి వంటగదిలో ఓ మూల పీట వేసుకు కూర్చునేది. చేతిలో చిన్న మైకు ఉండేది. పిల్లకి ఇన్నాళ్ళకి వంట మీద మనసు మళ్ళిందని వరహాలమ్మ ఎంతో సంతోషించి, ఇంగువ ఎప్పుడెయ్యాలో, పోపు ఎప్పుడు దించాలో చెప్పుకుంటూ పోయింది. నెల తిరిగాక తెలిసింది, హైమ పట్టుకెళ్ళింది వంట కాదు, చప్పుడని. గ్రైండరు గుర్రుగుర్రు, మిక్సీ అరుపు, గోడకున్న పాత ఫ్యాను దగ్గు, పోపు చిటపటలు, కుక్కరు కూత, అన్నీ కలిపి, వాటి మీద డ్రమ్ములూ గిటార్లూ వేసి ఒక ఆల్బం చేసేసింది. దానికి 'రుబ్బు' అని పేరు పెట్టింది.

"ఒకసారి వినమ్మా" అని చెవిలో పెట్టుకునేవి తెచ్చిచ్చేది హైమ.

"పనయ్యాక ఇంటానమ్మా" అనేది తల్లి. ఆ పని ఎప్పుడూ అయ్యేది కాదు.

సన్యాసినాయుడికి ఈ వాయింపుడు మీద పెద్దగా నమ్మకం లేదు. తండ్రీ కూతుళ్ళ మధ్య వరహాలమ్మే ఒక మాట కుదిర్చింది. ఊళ్ళో పెద్ద ఆడిటోరియంలో ఒక్క కచేరీ. అది జరిగితే హైమ తన దారిన తను పోతుంది. జరగకపోతే డ్రమ్ములు అటకెక్కించి బ్యాంకు కోచింగులో చేరుతుంది. హైమ సరేనంది. ఆ రోజు నుంచి వరహాలమ్మ దీపం పెట్టినప్పుడల్లా దేవుణ్ణి అడిగేది ఆ ఒక్క కచేరీనే.

*

ఆల్బం బయటికొచ్చిన వారానికి వాళ్ళింటి ఎదురుగా ఉన్న టీ బడ్డీ దగ్గర గొడవ మొదలైంది.

ఇండస్ట్రియల్ సంగీతమని ఒకటుంది. సుత్తులు, రంపాలు, మోటార్లు, ఇనప రేకులు చేసే చప్పుడుని పాటలో కలిపి వాయిస్తారు. గాజువాకలో దానికి అభిమానులున్నారు. ఉన్నవాళ్ళు కొద్దిమందే గనుక రెండు వర్గాలుగా చీలారు. నిజమైన ఇనుము మోగాలనేవాళ్ళు ఇనపోళ్ళు. వాళ్ళ నాయకుడు చక్రధర్ సెల్‌ఫోన్లకి రబ్బరు తొడుగులు అమ్ముతాడు. కీబోర్డు మీద మిషను చప్పుడు పుట్టించినా చాలుననేవాళ్ళు కరెంటోళ్ళు. వాళ్ళ నాయకుడు దానియేలు లెక్కల ట్యూషన్లు చెబుతాడు.

"ఇదేం ఇండస్ట్రియల్ గురూ? ఇనుం మీద ఇనుం పడాల. చెవిలోంచి రగతం రావాల. ఇందులో సుత్తుందా? రంపముందా? ఇది వట్టి రాక్‌ అంతే!" అన్నాడు చక్రధర్.

"సుత్తి కావాలంటే కొలిమి కాడికెళ్ళు. ఇండస్ట్రియల్ అంటే మనసులో మిషను తిరగాలి" అన్నాడు దానియేలు.

"నీ మనసులో ఏటి తిరుగుతాదో మాకు తెలుసులే."

"అయిదో పాటలో సన్నగా ఒక రొద వస్తాది విన్నావా? అదొక్కటి చాలు, ఇండస్ట్రియలని చెప్పడానికి. అలాంటిది పుట్టించాలంటే లక్ష రూపాయల కీబోర్డు కావాలి."

"కీబోర్డా! అది అరిగిపోయిన బేరింగు. నా చెవులకి తెలీదా?"

"నీ చెవులకి రబ్బరు తొడుగులేసుకో."

ఆ మాటకి బడ్డీవాడి ప్లాస్టిక్ కుర్చీ ఒకటి విరిగింది. గేటు దగ్గర పాల ప్యాకెట్లు తీసుకుంటున్న వరహాలమ్మ ఇదంతా విని ఆశ్చర్యపోయింది. తను రోజూ వెళ్ళే గుడిలో, పులిహోర ముందు పెట్టాలా దద్ధోజనం ముందు పెట్టాలా అని అర్చకులు వాదించుకోవడం ఆవిడ చూసింది. వాళ్ళకి కూడా ఇంత నిష్ఠ లేదు.

ఇలాంటి గొడవలు ముదిరిపోతున్నాయనే ప్రభుత్వం 'సంగీత ప్రక్రియల నిర్ధారణ మండలి' అని ఒకటి ఏర్పాటు చేసింది. ఏ పాట ఏ జాతిదో మండలి తేల్చి ధ్రువపత్రం ఇవ్వాలి. ఆ పత్రం లేనిదే ఏ ఆడిటోరియం తలుపూ తెరుచుకోదు. ఒక్కో జాతికి ఏడాదికిన్ని కచేరీలని వాటా కూడా ఉంది. హైమ వెళ్ళి అడిగేసరికి రాక్ వాటా అయిపోయింది. ఇండస్ట్రియల్ వాటా మాత్రం, అదేమిటో తెలిసినవాళ్ళెవరూ దరఖాస్తు చేయనందువల్ల, చెక్కుచెదరకుండా ఉంది.

"అయితే మాది ఇండస్ట్రియలేనండి" అంది హైమ.

"అనుట మీ పని. అగుట మా నిర్ణయము" అన్నారు మండలి సభ్య కార్యదర్శి పీసపాటి అనంతశయనంగారు.

*

విచారణకు తల్లినీ తండ్రినీ వెంటబెట్టుకుని వెళ్ళింది హైమ. రెండు వర్గాల అభిమానులూ సాక్షులుగా వచ్చి చెరో గోడవారా నిలబడ్డారు. భోజనాలయ్యాక మండలివారు ఆల్బం విన్నారు. అనంతశయనంగారు కళ్ళు మూసుకుని విన్నారు. ఆయన పక్కనున్న ఇద్దరు సభ్యులు ఇంకా గాఢంగా విన్నారు. పాటలైపోయాక ఫ్యాను ఆపి వాళ్ళని లేపవలసి వచ్చింది.

"సదరు ఆల్బమునందు వినవచ్చు ధ్వనులు పారిశ్రామిక స్వభావము కలవియా, కావా అన్నది ప్రశ్న. పోల్చి చూచుటకు నమూనా ధ్వని అవసరమై, నిన్న మేమొక అసలు ఫ్యాక్టరీని సందర్శించితిమి" అన్నారు కార్యదర్శిగారు.

ఆ ఫ్యాక్టరీ సన్యాసినాయుడిదే. కిందటేడే అక్కడ చప్పుడు చెయ్యని కొత్త మిషన్లు పెట్టారు. మండలివారు మైకు పట్టుకుని గంటసేపు నిలబడితే వాచ్‌మన్ తుమ్ము ఒకటి రికార్డయింది.

"అచట పారిశ్రామిక ధ్వని లేశమాత్రమైనను లేదు. కావున సదరు ఫ్యాక్టరీ ఇండస్ట్రియల్ కాదని తేల్చి యాజమాన్యమునకు తాఖీదు పంపినాము."

సన్యాసినాయుడు భార్య చెవిలో అన్నాడు: "ముప్పయ్యేళ్ళు నాను పన్జేసింది ఫ్యాక్టరీయే కాదంటన్నాడే. మరి నా పింఛనేటవుతాది?"

"ఊరుకోండి. పిల్ల సంగతి తేలనీండి."

కార్యదర్శిగారు హైమ వైపు తిరిగారు. "ఈ ధ్వనులు ఏ కర్మాగారమునుండి ఉత్పన్నమైనవో విశదపరచుడు."

హైమ అబద్ధమాడే పిల్ల కాదు. "మా అమ్మ వంటగదిలోవండి" అంది.

చక్రధర్ గోడకి తల బాదుకున్నాడు. "ఛ! మినప్పిండికా నేను కుర్చీ విరగ్గొట్టింది!"

"వంటగదియైనచో ఇది గృహ సంగీతము. గృహములందే వాయించుకొనవచ్చును. ధ్రువపత్రము అక్కరలేదు. తదుపరి వ్యాజ్యము పిలువుడు" అన్నారు అనంతశయనంగారు.

హైమ చేతిలోని డ్రమ్ము పుల్లల్ని సంచిలో పెట్టేసుకుంది. వరహాలమ్మ అది చూసింది. చూసి, ఎన్నడూ నలుగురిలో నోరెత్తని మనిషి లేచి నిలబడింది.

"అయ్యా, నాదో సందేహమండి. మా ఆయన ఫ్యాక్టరీలో సప్పుడు లేదని అది ఫ్యాక్టరీ కాదన్నారు. మా వంటింట్లో సప్పుడున్నాదని మీరే ఇన్నారు. మరి మాది ఫ్యాక్టరీ అవ్వాల కదండి?"

అనంతశయనంగారు నిబంధనల పుస్తకం తిరగేశారు. ఆయన ఉద్యోగంలో చేరాక తనమీదికే తన వాక్యం తిరిగి రావడం ఇదే మొదలు.

"తర్కము సముచితముగానే యున్నది. అయితే అనుకొనుటకు నిబంధనలయందు వీలు లేదు. నిరూపించినచో పరిశీలింపగలము. మరొక విషయము. అయిదవ పాటలో సన్నని రొద చేయు యంత్రమేదియో మా సాంకేతిక నిపుణులకు అంతుబట్టలేదు. దానిని 'గుర్తు తెలియని యంత్రము' అని నమోదు చేసినాము. తనిఖీ సమయమున దానిని హాజరు పరచవలెను."

హైమ ఎందుకో తడబడింది. "అది... హాజరు పరచడం కుదరదండి. అది ఎప్పుడూ పనిలోనే ఉంటుంది. ఆపితే మళ్ళీ ఆ చప్పుడు రాదు."

ఇంటికొస్తుంటే ఆటోలో వరహాలమ్మ అడిగింది. "మనింట్లో నాకు తెలీని మిషనేటే?"

"తర్వాత చెప్తానమ్మా. ఇప్పుడు నీకు తెలిస్తే, వాళ్ళడిగినప్పుడు నువ్వు చెప్పేస్తావు."

అదీ నిజమే గనుక వరహాలమ్మ మళ్ళీ అడగలేదు.

*

తనిఖీకి వచ్చిన రోజు అనంతశయనంగారు చెప్పులు బయట విడిచి, తలకు హెల్మెట్టు పెట్టుకుని వంటగదిలోకి అడుగుపెట్టారు.

"ఇచట ఉత్పత్తియగు వస్తువేది?"

"ఇయాల ఇడ్లీలండి."

"ముడి సరుకు?"

"మినప్పప్పు, రవ్వ."

"వ్యర్థ పదార్థముల విసర్జన ఎట్లు?"

"ఇసర్జనేటండి! మిగిల్తే సాయంత్రం ఇడ్లీ ఉప్మా సేసేస్తాను."

'వ్యర్థముల పునర్వినియోగము కలదు' అని ఆయన మెచ్చుకోలుగా రాసుకున్నారు. "కార్మికులెందరు?"

"నానొక్కర్తినే."

"వేతనము?"

వరహాలమ్మ మొగుడి వైపు చూసింది. సన్యాసినాయుడు గోడ మీద క్యాలెండరు చూడసాగాడు.

"వారాంతపు సెలవు?"

"పండగలకి ఉండదండి. మామూలు రోజులకీ ఉండదు."

"పని వేళలు? ఎప్పుడు మొదలగును, ఎప్పుడు ముగియును?"

"మొదలవడం తెల్లారగట్లండి. ముగియడమంటే..." ఆవిడ నిజంగానే ఆలోచించింది. "ఎప్పుడూ సూళ్ళేదండి."

అనంతశయనంగారు కలం మూసేశారు. "ఒక్కరే పనిచేయుచు, జీతము లేక, సెలవు లేక, పని వేళలు లేక నడుచు దానిని నిబంధనలు ఫ్యాక్టరీగా గుర్తింపవు."

"మరేటంటారండి దాన్ని?"

"ఇల్లు అందురు."

గుమ్మంలోంచి వింటున్న హైమ తలొంచుకుంది. కార్యదర్శిగారు మాత్రం దయగల మనిషే. వెళ్ళబోతూ ఉపాయం చెప్పారు: తగినంతమంది కార్మికులు, షిఫ్టులు, రక్షణ ఏర్పాట్లు కనబడితే మళ్ళీ వచ్చి చూస్తారట. ఇంతలో ఆయన కన్ను దేవుడి గూటి మీద పడింది.

"ఆరవ పాటలో ఘంటానాదము ఈ గంటదేనా? అయినచో చిక్కే. గంట వినబడిన ఆల్బము భక్తి విభాగమునకు పోవలెను. అచట ఫైళ్ళు గుట్టలు పడియున్నవి."

ఎలా వచ్చిందో వరహాలమ్మ నోటెంట వచ్చేసింది: "అది షిఫ్టు గంటండి."

ఆయన తల ఊపి, రాసుకుని వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం దీపం పెట్టి ఆవిడ దేవుడి ముందు చాలాసేపు నిలబడింది. "సామీ, నీ గంటని షిఫ్టు గంటన్నాను. పిల్ల కోసమన్నాను. తప్పైతే నా మీదెయ్యి, దాని మీదెయ్యకు. కాకపోతే నాకో సందేహం. ఆ గంట కొట్టగానే నువ్వూ లేస్తావు, నా పనీ మొదలవుతాది. మరి నానన్నదాంట్లో అబద్ధమెంత?"

దేవుడు ఏ విభాగంలోనూ నమోదై లేడు గనుక జవాబు వెంటనే రాలేదు.

*

కార్మికులు దొరకడం కష్టం కాలేదు. కచేరీ జరగకపోతే అది ఇండస్ట్రియల్ అవునో కాదో వాదించుకోవడానికి ఏమీ మిగలదని రెండు వర్గాలకీ భయం పట్టుకుంది. మర్నాడే చక్రధర్ అయిదుగురు ఇనపోళ్ళతో, దానియేలు అయిదుగురు కరెంటోళ్ళతో హెల్మెట్లు పెట్టుకుని పనిలోకి దిగారు.

ఇనపోళ్ళు పెనం, అట్లకాడ, మూకుడు తప్ప ముట్టుకోమన్నారు. కరెంటోళ్ళు స్విచ్చి ఉన్నదాన్నే ముట్టుకుంటామన్నారు. ఉల్లిపాయకి ఇనుమూ లేదు, స్విచ్చీ లేదు గనుక అవి వరహాలమ్మే తరుక్కునేది. ఇదివరకు ముగ్గురికి వండేది. ఇప్పుడు పన్నెండుమంది కార్మికులకి కూడా వండాలి. ఎందుకంటే ఫ్యాక్టరీ అన్నాక క్యాంటీను ఉండాలి.

గుమ్మానికి ఒక బోర్డు తగిలించారు: 'ఈ కర్మాగారంలో చివరి ప్రమాదం జరిగి ఇన్ని రోజులు'. అంకె ఎప్పుడూ సున్న దాటలేదు. రోజూ పోపు వేసే వేళకి ఒక ఆవగింజ ఎగిరొచ్చి చక్రధర్ బుగ్గ మీద పడేది. దానియేలు కళ్ళజోడు తుడుచుకుని గంభీరంగా అంకె చెరిపేవాడు.

సన్యాసినాయుడు డ్యూటీ దిగి ఇంటికొస్తే గుమ్మం దగ్గర పేరు రాయించుకుని, హెల్మెట్టు పెట్టుకుని లోపలికి రావలసి వచ్చేది. "నిశ్శబ్దంగా ఉంతాదని నాను ఫ్యాక్టరీకెళ్తన్నానే" అన్నాడొకనాడు భార్యతో. "ఒక్క కచేరీకి ఇంత రచ్చేటి? దాన్ని బ్యాంకు కోచింగుకి పంపేస్తే పోలా?"

"మీరు మాటిచ్చినారు."

"నానిచ్చింది కచేరీకి. వంటిల్లు ఇచ్చేస్తానన్లేదు."

"వంటిల్లు నాది కదా. నానిచ్చినాను" అంది వరహాలమ్మ.

అసలు చిక్కు శుక్రవారం వచ్చింది. శుక్రవారం ఆవిడ అమ్మవారికి కొబ్బరన్నం నైవేద్యం పెడుతుంది. కొబ్బరి ఇనప కోరాముతోనే కోరాలని చక్రధర్, మిక్సీలో వెయ్యాలని దానియేలు పట్టుబట్టారు. గంటలో రెండు యూనియన్లు పుట్టాయి. రెండో గంటకి సమ్మె మొదలైంది. పొయ్యి ఆగిపోయింది. వంటగది గుమ్మం ముందు బైఠాయించి అందరూ అరిచారు: "యాజమాన్యం మొండి వైఖరి నశించాలి!"

"యాజమాన్యమంటే ఎవర్రా?" అంది వరహాలమ్మ.

"మీరేనండి, అత్తా" అన్నాడు చక్రధర్ మొహమాటంగా. "ఏటనుకోకండి. నశించాలి అనడం మామూలే."

ఎండలో అరుస్తున్న పిల్లల్ని చూడలేక ఆవిడ పక్కింట్లో కాఫీ కాచి పట్టుకొచ్చింది. దానియేలు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "సమ్మెలో యాజమాన్యం ఇచ్చిన కాఫీ తాగకూడదండి. అది మమ్మల్ని కొనడమవుతుంది."

"కొనడానికి నీ దగ్గరేటున్నాదిరా! పొద్దున్నించి ఏటీ తిన్లేదు. తాగు."

దానియేలు తాగాడు. నినాదాలకి గొంతు పట్టుకుంది కాబోలు, రెండోసారి కూడా అడిగి పోయించుకున్నాడు.

ఆ రోజు అమ్మవారికి అరటిపండు, బెల్లంముక్కే నైవేద్యం. పెట్టి, "ఫ్యాక్టరీ బందమ్మా" అని చెప్పుకుంది. ఇన్నేళ్ళలో కొబ్బరన్నం తప్పడం అదే మొదలు. ఇంతా చేసి కచేరీ దక్కకపోతే ఏం చెయ్యాలో మాత్రం అమ్మవారిని అడగలేదు.

సరిగ్గా అప్పుడే అనంతశయనంగారు రెండోసారి తనిఖీకి వచ్చారు. జెండాలు చూశారు. ఆగిన పొయ్యి చూశారు. ఆకలితో క్యాలెండరు చూస్తున్న సన్యాసినాయుణ్ణి చూశారు. ఆయన ముఖం వికసించింది.

"ఉత్పత్తి స్తంభించినది! కార్మికులయందు అశాంతి! రెండు యూనియన్లు! ఇక సందేహమేల? ఇది ఫ్యాక్టరీయే. ఫ్యాక్టరీ కానిచోట పని ఇట్లు ఆగదు."

అక్కడికక్కడే 'రుబ్బు' ఆల్బం ఇండస్ట్రియల్ సంగీతమని ధ్రువపత్రం రాసిచ్చేశారు. హైమ తల్లిని కావలించుకుని ఏడ్చింది. కార్మికులు చప్పట్లు కొట్టి, యజమానురాలికి జై కొట్టి, ఆకలేస్తోందని సమ్మె విరమించారు. కొబ్బరి సగం కోరాముతో, సగం మిక్సీలో చెయ్యాలని ఒప్పందం కుదిరింది.

సాయంత్రానికి కొత్త గొడవ పుట్టింది. "సర్కారు ముద్ర పడిపోయాక అదేం ఇండస్ట్రియల్ గురూ! ఇది సర్కారు సంగీతం" అన్నాడు చక్రధర్. అభిమాని అయ్యాక మొదటిసారి దానియేలు అతనితో ఏకీభవించాడు. ఇద్దరూ కలిసి కచేరీ బహిష్కరిద్దామనుకున్నారు కూడా. కానీ ధ్రువపత్రం వెనకవైపు చిన్న అక్షరాల్లో ఒక షరతు ఉంది. ఫ్యాక్టరీ శబ్దం చెవులకు హానికరం. కావున కచేరీ జరిగినంతసేపూ ప్రేక్షకులందరూ చెవి మూతలు ధరించవలెను. తీసినవారిని బయటికి పంపవలెను.

అది చదివి చక్రధర్ కళ్ళు చెమర్చాయి. "చెవికి ప్రమాదమని సర్కారే ఒప్పుకున్నాది గురూ! ఇంతకన్నా ఇండస్ట్రియల్ ఏటుంతాది?"

టికెట్లు ఒక్క పూటలో అయిపోయాయి.

*

కచేరీ రోజున ఆడిటోరియం కిటకిటలాడింది. గుమ్మం దగ్గర ఒక్కొక్కరికీ నల్లటి చెవి మూతలు తొడిగి, లాగి చూసి లోపలికి పంపారు. మొదటి వరసలో అనంతశయనంగారు, ఇద్దరు సభ్యులు, వాళ్ళ పక్కన సన్యాసినాయుడు, వరహాలమ్మ. ఆవిడ పట్టుచీర కట్టుకుంది. తలనిండా కనకాంబరాలు పెట్టుకుంది. చెవులకి పెళ్ళినాటి బుట్టలు వేలాడుతున్నాయి. ఆ బుట్టల మీద మూతలు పట్టలేదు. వలంటీరమ్మాయి రెండుసార్లు ప్రయత్నించి, పూలు నలిగిపోతాయని జాలిపడి, పైట చెంగు తలమీదుగా కప్పుకోమని చెప్పి వెళ్ళిపోయింది.

హైమ డ్రమ్ముల వెనక కూర్చుని పుల్లలెత్తింది. హాలులో ఎవరికీ ఏమీ వినబడలేదు. వేదిక మీద నలుగురు ఊగుతుంటే చూసి అందరూ ఊగారు. చక్రధర్ పిడికిలెత్తాడు. దానియేలు కళ్ళు మూసుకున్నాడు. ఎవరికి కావలసిన సంగీతం వాళ్ళకి వినబడుతున్నట్టే ఉంది. ఇనపోళ్ళూ కరెంటోళ్ళూ ఒకరి వైపొకరు తిరిగి, ఇది ముమ్మాటికీ ఇండస్ట్రియలేనని తలలూపుకున్నారు. ఇంత ఐకమత్యం వాళ్ళెరగరు.

వినగలిగింది ఒక్క వరహాలమ్మే. మొదట భయపడింది. తర్వాత తన గ్రైండరుని గుర్తుపట్టింది. పిండి చివరికొచ్చినప్పుడు రాయి బరువుగా తిరిగే ఆ చప్పుడు ఆవిడకి తెలుసు. పాత ఫ్యాను దగ్గింది. పోపు చిటపటలాడింది. పక్కింటమ్మాయి నవ్వినట్టు గరిట గిన్నెకి తగిలింది. ఇవి ఇంత బావుంటాయని ఆవిడకెవరూ చెప్పలేదు.

అయిదో పాట వచ్చింది. డ్రమ్ములు తగ్గాయి. ఆ చప్పుళ్ళన్నిటి అడుగునుంచి సన్నగా ఒక రొద మొదలైంది. మండలి నిపుణులకి అంతుపట్టని యంత్రం. చక్రధర్ లెక్కన అరిగిన బేరింగు. దానియేలు లెక్కన లక్ష రూపాయల కీబోర్డు. వరహాలమ్మ ముందుకి వంగి చెవి పెట్టింది. ఎక్కడో విన్న గొంతే అనిపించింది. అమ్మవారి నామాల వరస. మాటలు లేవు. పెదవులు విప్పకుండా, ముక్కుతో, పని చేసుకుంటూ తీసే రాగం. మధ్యలో ఒకచోట ఊపిరి ఆగి, బరువైన గిన్నె దింపి, మళ్ళీ అక్కడి నుంచే అందుకుంది.

అది తనే.

తను పాడుతుందని కూడా ఆవిడకి తెలీదు. వేదిక మీంచి హైమ తల్లి వైపే చూస్తోంది. ఆ గుర్తు తెలియని యంత్రం మొదటి వరసలో కూర్చుని కళ్ళు తుడుచుకుంటోంది. ఆరో పాట మొదట్లో గంట మోగింది. ఎవరు ఏ విభాగంలో వేసుకుంటేనేం, అది దేవుడి గంటే. వరహాలమ్మ చేతులు జోడించింది.

అప్పుడు పాటలో కుక్కరు కూసింది. కాసేపాగి రెండోసారి కూసింది. గిటార్లు హోరెత్తాయి. ఆ హోరు మీదుగా, పొడుగ్గా, మూడోసారి కూసింది.

వరహాలమ్మ చటుక్కున లేచి నిలబడింది.

మొదటి వరసలో పెద్దావిడ లేచి నిలబడడం అనంతశయనంగారు చూశారు. ఏదో మహత్తరమైన ఘట్టం జరిగి ఉంటుందని ఆయనా లేచారు. కార్యదర్శిగారు లేవడం చూసి సభ్యులిద్దరూ లేచారు. వాళ్ళని చూసి వెనక వరస లేచింది. ఆ వెనకా లేచింది. నిమిషంలో హాలంతా నిలబడి, చెవుల నిండా మూతలతో, ఏమీ వినకుండా, చేతులు నొప్పెట్టేలా చప్పట్లు కొట్టింది. చక్రధర్, దానియేలు ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడుస్తున్నారు. హైమ పుల్లలు గాల్లో ఆపి, నోరు తెరిచి చూస్తోంది.

అందరూ నిలబడ్డారు గనుక సన్యాసినాయుడూ నిలబడ్డాడు. ఒక చెవి మూత కొంచెం పైకెత్తి, భార్య వైపు వంగాడు.

"ఏటయినాదే? ఎందుకు లేచినావు?"

"పప్పుడికినాదండి" అంది వరహాలమ్మ.